అడగకముందే చెప్పండి: మీ సంస్థలో ఏఐని జనం నమ్మాలంటే

మేడ్చల్ పారిశ్రామికవాడలో మీకో ప్యాకింగ్ యూనిట్ ఉందనుకుందాం. లేదంటే శామీర్‌పేట దగ్గర గోదామో, కాలేజీయో, ఆస్పత్రో నడుపుతున్నారనుకుందాం. గేటు దగ్గర ముఖం చూసి హాజరు వేసే యంత్రం వచ్చింది. వందల బయోడేటాల్లోంచి పదింటిని ఏరి ఇచ్చే సాఫ్ట్‌వేర్ వచ్చింది. గోదాములో ఎవరు గంటకు ఎన్ని పెట్టెలు సర్దారో లెక్కగట్టి మార్కులు వేసే స్క్రీన్ వచ్చింది. అన్నీ మంచికే పెట్టించారు, ఖర్చు కూడా బాగానే పెట్టారు. మరి మీ దగ్గర పనిచేసేవాళ్లు వాటిని నమ్ముతున్నారా?

తెలుసుకోవడం తేలికే. రేపు మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఓ పక్కన కూర్చోండి. ఇలాంటి మాటలు చెవిన పడొచ్చు:

"నిన్న డ్యూటీకి వచ్చినా గదా అక్కా, మెషిన్ల ఆబ్సెంట్ అని చూపెడుతుంది."

"మరి సార్‌కు చెప్పలేదా?"

"ఏ సార్‌కు చెప్పాల్నో తెల్వది. సూపర్‌వైజర్‌ను అడిగితే సిస్టంల అట్లనే వచ్చింది అంటడు."

ఇందులో యంత్రం చేసిన తప్పు చిన్నది. ఎవరికి చెప్పుకోవాలో తెలియకపోవడం పెద్దది. ఒక పూట కూలి పోతుందేమోనన్న భయంతో ఇంటికెళ్లిన మనిషి మర్నాడు పదిమందికి ఆ సంగతి చెబుతుంది. అప్పుడిక మీరు ఎంత మంచి యంత్రం తెచ్చినా "మన కూలి కొయ్యనీకే పెట్టిండ్రు" అనే మాటే నిలబడుతుంది.

దీనికి మందు ఒకటుంది. మీ సంస్థలో ఏఐ ఏయే పనులు చేస్తోంది, ఎక్కడెక్కడ తప్పింది, తప్పితే ఎవరు దిద్దుతారు అనేవి ఎవరూ అడగకముందే, ఏ అధికారీ ఆదేశించకముందే, ఒక పద్ధతిగా రాసి, ఆ నిర్ణయాలు ఎవరి మీద పడుతున్నాయో వాళ్ల ముందు పెట్టడం. పెద్ద కంపెనీలు దీన్ని పారదర్శకత నివేదిక అంటున్నాయి. ప్రభుత్వాల నుంచి తనకు వచ్చే అభ్యర్థనల గురించి గూగుల్ 2010 నుంచే ఇలాంటివి వెలువరిస్తోంది. కానీ ఇది పెద్దవాళ్లకే పరిమితమైన పని కాదు. నాలుగు వందల మంది పనిచేసే యూనిట్‌కు ఒక్క పేజీ చాలు. ఆ పేజీ ఎలా రాయాలో, ఎక్కడ జారిపడతామో చూద్దాం.

1. మీ దగ్గర ఏఐ ఎక్కడెక్కడ ఉందో ముందు మీరు తెలుసుకోండి

చాలామంది యజమానులు "మా దగ్గర ఏఐ ఏమీ లేదండీ" అంటారు. గేటు నుంచి అకౌంట్స్ గది దాకా ఒకసారి నడవండి. ప్రతి టేబుల్ దగ్గరా ఒకే ప్రశ్న వేయండి: ఈ సాఫ్ట్‌వేర్ చెప్పిన మాట వల్ల ఎవరి జీతమైనా, ఉద్యోగమైనా, సీటైనా, చికిత్స అయినా, లోపలికి ప్రవేశమైనా మారుతుందా? మారుతుందంటే జాబితాలో రాసుకోండి. మారకపోతే వదిలేయండి. ఈమెయిల్‌లో అక్షరదోషాలు దిద్దే సాధనం గురించి నివేదిక రాయనక్కర్లేదు.

హెచ్ఆర్‌లో కొత్తగా చేరిన అమ్మాయి వార్షిక మదింపు రిపోర్టులు ఏదో చాట్‌బాట్‌తో రాయిస్తుండవచ్చు. అదీ జాబితాలోకి రావాలి. ఆమెను మందలించకండి, మందలిస్తే మిగతావాళ్లు దాచేస్తారు.

ఆమ్‌స్టర్‌డామ్, హెల్సింకి నగరాలు 2020లో మొదలుపెట్టింది ఇదే. తమ నగరపాలనలో వాడే ఏఐ వ్యవస్థల పట్టికను ఎవరైనా చూసేలా బయట పెట్టాయి. మీ పట్టికలో ఐదు వరుసలే ఉండొచ్చు. అయినా మొదటిసారి ఆ ఐదింటినీ ఒకేచోట చూసినప్పుడు మీకే కొత్తగా ఉంటుంది.

2. యంత్రం పెట్టకముందే చెప్పండి

మేడ్చల్ రోడ్డు మీద వెళ్లే ప్రతివాళ్లకూ కొంపల్లి తెలుసు. 2020 జనవరి 22న మున్సిపల్ ఎన్నికలు జరిగినప్పుడు కొంపల్లి మున్సిపాలిటీలోని పది పోలింగ్ కేంద్రాల్లో రాష్ట్ర ఎన్నికల సంఘం ప్రయోగాత్మకంగా ముఖ గుర్తింపు వాడింది. ఓటరు ఫొటో తీసి, రికార్డులో ఉన్న ఫొటోతో పోల్చి చూడటం. ఓటు అంటే మాటలు కాదు. ముఖం సరిపోలలేదని ఒక్కరిని వెనక్కి పంపినా రచ్చ అవుతుంది. ఆ సాంకేతికతను ఎన్నికల్లో అసలు వాడొచ్చా అన్న ప్రశ్న అప్పుడూ వచ్చింది, అది న్యాయమైన ప్రశ్నే.

మనం నేర్చుకోవాల్సింది మాత్రం పోలింగ్‌కు ముందే సంఘం చెప్పిన మాటల నుంచి. ఇది ప్రయోగం మాత్రమే. ముఖం సరిపోలకపోయినా ఓటు నిరాకరించరు. తీసిన ఫొటోలను మరే పనికీ వాడరు, ఫోన్లోంచీ సర్వర్లోంచీ చెరిపేస్తారు.

ఈ మాటల్లో ఏముందో గమనించండి. యంత్రం ఎందుకు వచ్చింది, అది తప్పితే నాకేమవుతుంది, నా ఫొటో ఏమవుతుంది? మామూలు మనిషికి వచ్చే సందేహాలన్నీ ఇవే. మీ యంత్రం గురించి ఈ మూడింటికీ జవాబు రాయలేకపోతే ఇంకా ఆ యంత్రాన్ని గోడకు బిగించే సమయం రాలేదన్నమాట.

బిగించాక చెబితే ఏమవుతుంది? అదే మాట సంజాయిషీలా వినిపిస్తుంది. పది రోజుల ముందు చెబితే సమాచారం, పది రోజుల తర్వాత చెబితే సమర్థింపు. యంత్రం ఇప్పటికే బిగించేసి ఉంటే నిరాశ పడక్కర్లేదు. "ఇది ఇంతకుముందే చెప్పాల్సింది, ఇప్పుడు చెబుతున్నాం" అని మొదటి వాక్యంలోనే రాసేయండి. జనం అంత కఠినులేం కాదు.

3. తప్పుల లెక్క లేని నివేదికను బయటకు పంపకండి

ఇక్కడ చెప్పినవాటిలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే దీన్ని గుర్తుంచుకోండి.

మీరు యంత్రం కొన్నప్పుడు అమ్మినాయన "99 శాతం కరెక్టుగా పనిచేస్తుంది సార్" అని ఉంటాడు. మంచి అంకెలాగే ఉంది కదా? ఇప్పుడు కాగితం తీసుకోండి. మీ దగ్గర 400 మంది. వచ్చేటప్పుడొకసారి, వెళ్లేటప్పుడొకసారి ముఖం చూపిస్తారు. రోజుకు 800 సార్లు. అందులో ఒక శాతం అంటే రోజుకు 8 తప్పులు. 26 పనిదినాలకు 208. నెలకు రెండు వందలసార్లు ఎవరో ఒకరు గేటు దగ్గర నిలబడి, వెనకున్న వరుస విసుక్కుంటుంటే, "నేనే సార్" అని చెప్పుకుంటున్నారు. నివేదికలో 99 శాతం అని రాస్తే ఆ మనిషికి ఒళ్లు మండుతుంది. 208 అని రాస్తే, "వీళ్లకు మన బాధ తెలుసు" అనుకుంటుంది. రెండూ ఒకే నిజం.

ఇంకో అడుగు వేయండి. ఆ 208 ఎవరికి పడ్డాయి? అందరికీ సమానంగా పడితే ఒక సంగతి. మాస్కు, తల మీద టోపీ పెట్టుకునే ప్యాకింగ్ విభాగానికే ఎక్కువ పడితే అది వేరే సంగతి. రాత్రి షిఫ్టులో లైటు చాలక ఎక్కువ పడితే ఇంకో సంగతి. విభాగం వారీగా, షిఫ్టు వారీగా, ఆడవాళ్లకూ మగవాళ్లకూ విడివిడిగా చూస్తేనే యంత్రం ఎవరి పట్ల అన్యాయంగా ఉందో బయటపడుతుంది. మొత్తం సగటు దాన్ని కప్పేస్తుంది.

తప్పులు రాసి పెట్టడం మన ప్రాంతానికి కొత్త విద్యేమీ కాదు. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల మందుల కంపెనీల్లో పనిచేసే ఏ నాణ్యతా విభాగం (క్యూఏ) ఉద్యోగినైనా అడగండి. బ్యాచ్‌లో ఉష్ణోగ్రత అరగంటసేపు హద్దు దాటితే డీవియేషన్, అంటే పద్ధతి తప్పిన సంగతి, రాయాలి. కారణం వెతకాలి. మళ్లీ జరగకుండా ఏం చేశారో కాపాలో, అంటే దిద్దుబాటు, నివారణ చర్యల పత్రంలో, చూపించాలి. "రాయనిది జరగనట్టే" అని ఉద్యోగంలో చేరిన తొలివారంలోనే నేర్పుతారు. తనిఖీకి వచ్చినవాళ్లు డీవియేషన్లు అసలు లేని రిజిస్టర్‌ను చూసి మెచ్చుకోరు, అనుమానిస్తారు. అమెరికా ఎఫ్‌డీఏ తాను కంపెనీలకు పంపిన హెచ్చరిక లేఖల్ని తన వెబ్‌సైట్‌లో అందరికీ కనబడేలా పెడుతుంది. అంత క్రమశిక్షణ తెలిసిన ఊళ్లో హాజరు యంత్రానికీ, బయోడేటాల సాఫ్ట్‌వేర్‌కూ ఒక డీవియేషన్ రిజిస్టర్ పెట్టడం ఎంత పని? మీకు ఫార్మాలో పనిచేసిన మనిషి ఒక్కరున్నా ఈ బాధ్యత వాళ్లకే అప్పగించండి. కొత్తగా నేర్పాల్సింది దాదాపు ఏమీ ఉండదు.

తెలియనిది తెలియదని రాయడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఇక్కడి జీనోమ్ వ్యాలీలోనే ఒక ఉదాహరణ ఉంది. 2021 జనవరి 3న భారత్ బయోటెక్ కొవిడ్ టీకా కొవాగ్జిన్‌కు అత్యవసర వినియోగ అనుమతి వచ్చేనాటికి, 25,800 మందితో తలపెట్టిన మూడో దశ పరీక్షలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఫలితాలు రాకముందే అనుమతేమిటని దేశమంతా ప్రశ్నలు లేచాయి. ఆ నెలలోనే టీకా వేయించుకునేవాళ్ల కోసం వచ్చిన ఫ్యాక్ట్ షీట్‌లో ఎవరెవరు వేయించుకోకూడదో రాశారు. టీకా సామర్థ్యం ఇంకా నిర్ధారణ కాలేదనీ, మూడో దశలో దాన్ని పరిశీలిస్తున్నారనీ కూడా రాశారు. మార్చిలో మధ్యంతర ఫలితం 81 శాతమన్నారు. జూలైలో ప్రకటించిన తుది లెక్క 77.8 శాతం. నవంబరులో ఆ వివరాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి.

నా ఉద్దేశంలో ఇందులో మనకు ఇంకో రెండు పాఠాలున్నాయి. లెక్క ముందు వచ్చి, అనుమతి తర్వాత వచ్చి ఉంటే ఆ ప్రశ్నల్లో చాలా భాగం పుట్టేవే కావు. అది మొదటిది. తొలి అంకెకంటే తుది అంకె తగ్గినప్పుడు తగ్గిన అంకెనే ముందుపెట్టాలి. అది రెండోది. మీ రెండో నివేదికలో తప్పులు మొదటిదాని కంటే పెరగవచ్చు. లెక్క సరిగ్గా రాయడం మొదలెట్టాక చాలాచోట్ల అలాగే అవుతుంది. భయపడకండి, పెరిగిన అంకెనే రాయండి, ఎందుకు పెరిగిందో దాని పక్కనే రాయండి.

4. యంత్రం మాటను మార్చగల మనిషి పేరు రాయండి

తెలంగాణలో సమగ్ర వేదిక సంగతి చాలామంది వినే ఉంటారు. ప్రభుత్వ శాఖల దగ్గర విడివిడిగా ఉన్న వివరాలను కలిపి, ఈ పేరూ ఆ పేరూ ఒకే మనిషివా కాదా అని పోల్చి చూసే వ్యవస్థ అది. రేషన్ కార్డుకు ఎవరు అర్హులో తేల్చడానికి దాన్ని వాడారు. పేరు కలిసినంత మాత్రాన మనిషి కలవడు కదా? మన ఊళ్లలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు ఎంతమంది లేరు? కారున్నవాళ్లు రేషన్ కార్డుకు అనర్హులు కాబట్టి, ఎవరిదో కారు ఇంకెవరి ఖాతాలోనో పడితే కార్డు పోతుంది.

2014, 2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. రద్దు చేసేముందు నోటీసు ఇవ్వలేదన్న ఆరోపణతో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఆ ఏడాది జూలై నాటికి పరిశీలన పూర్తయిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 అర్హమైనవేనని తేలింది. అంటే వందకు ఏడెనిమిది. శాతంగా చూస్తే చిన్నదే. బియ్యం ఆగిపోయిన ఇంట్లో కూర్చుని చూడండి.

ఆ కుటుంబాలకు కావాల్సింది కంప్యూటర్ కోడ్ కాదు. "మీ కార్డు ఫలానా కారణంతో రద్దు చేయబోతున్నాం, తప్పయితే ఫలానా ఆఫీసులో ఫలానా తేదీలోపు చెప్పండి" అనే ఒక్క కాగితం ముందే అందితే చాలామంది ఆధారం చూపించి బయటపడేవాళ్లు. రద్దు తర్వాత తిరిగిన తిరుగుడంతా ఆ ఒక్క కాగితం లేకపోవడం వల్లే.

మీ సంస్థలో ఆ కాగితం ఉందా? ఒకసారి ఇలా ఊహించుకోండి. అత్వెల్లి నుంచి వచ్చే ఒకామెకు రెండు రోజులు ఆబ్సెంట్ పడింది. ఆమె ఎవరిని కలవాలి? కమిటీ అనకండి, హెచ్ఆర్ విభాగమనీ అనకండి. కమిటీకి ముఖం ఉండదు, విభాగానికి ఫోన్ ఉండదు. షిఫ్ట్ ఇన్‌చార్జి ఫలానా, గది నంబర్ ఇది, ఫోన్ ఇది, ఫలానా వేళల్లో ఉంటారు, రెండు పనిదినాల్లో జవాబిస్తారు అని రాయాలి. ఆ మనిషికి యంత్రం రాసినదాన్ని కొట్టేసే అధికారం కూడా ఉండాలి. "పైకి పంపిస్తాను" అని మాత్రమే అనగలిగే మనిషిని పెడితే మీ నివేదిక అక్కడే చచ్చిపోతుంది.

ఎందరు ఫిర్యాదు చేశారు, ఎందరి విషయంలో యంత్రానిదే తప్పని తేలింది, సగటున ఎన్ని రోజుల్లో సరిచేశారు? ఇవి ప్రతి నివేదికలోనూ ఉండాల్సిన అంకెలు. ఫిర్యాదులు సున్నా అని వస్తే సంబరపడకండి. ఫిర్యాదు చేసే దారి ఎవరికీ తెలియలేదేమో చూసుకోండి.

5. చదివేవాళ్ల భాషలో రాయండి

మీ దగ్గర తెలుగు చదివేవాళ్లున్నారు. బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లున్నారు. నివేదిక మాత్రం ఇంగ్లిష్‌లో, వెబ్‌సైట్ అడుగున, పీడీఎఫ్‌లో! ఎవరికోసం రాసినట్టు? తెలుగులో, హిందీలో, అవసరమైతే ఒడియాలో రాసి గేటు దగ్గర, క్యాంటీన్ గోడ మీద అంటించండి. చదవలేనివాళ్ల కోసం షిఫ్టు మొదట్లో ఐదు నిమిషాలు చదివి వినిపించండి. కాంట్రాక్టర్ ద్వారా వచ్చేవాళ్లను మర్చిపోకండి, యంత్రం తప్పుల్లో ఎక్కువ నష్టపోయేదీ, తక్కువ మాట్లాడేదీ వాళ్లే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సమ్మతి కోరే నోటీసును ఇంగ్లిష్‌లో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలు ఉండాలంటోంది.

6. బయటివాళ్లకు ఒకసారి చూపించండి

మీ నివేదికను మీరే రాసి మీరే బాగుందనుకుంటే సరిపోదు. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. జవహర్‌నగర్ దగ్గర బిట్స్ క్యాంపస్ ఉంది. కండ్లకోయ వైపు వెళ్తే ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. న్యాయం చదివినవాళ్లొకరు, కంప్యూటర్లు తెలిసినవాళ్లొకరు, మీ యూనిట్‌లోనే పనిచేసే ఇద్దరు ముగ్గురు. వీళ్లకు నివేదిక ముసాయిదా ఇచ్చి, "ఇందులో మీకు అర్థం కానిదేమిటి, మేం దాటేసిందేమిటి?" అని అడగండి. వాళ్లు అడిగిన ప్రశ్నల్లో మీరు జవాబివ్వలేనివి ఉంటే వాటిని కూడా నివేదికలో పెట్టండి.

ఒక నమూనా

పైన చెప్పినవన్నీ ఒక్క పేజీలో ఎలా పడతాయో చూడండి. ఇది ఊహించి రాసిన యూనిట్, అంకెలూ ఊహించినవే.

"గేటు దగ్గరి యంత్రం మీ ముఖం చూసి హాజరు వేస్తుంది. అంతకుమించి ఏ పనికీ దాన్ని వాడటం లేదు. మీ పనితీరుకు మార్కులు వేయదు. షిఫ్ట్ ఇన్‌చార్జి సంతకం లేకుండా దాని లెక్క మీద ఎవరి జీతమూ కోయం.

పోయిన నెల 20,800 సార్లు ముఖాలు చూపించారు. 231 సార్లు యంత్రం గుర్తుపట్టలేదు. వాటిలో 140 ప్యాకింగ్ విభాగంలోనే, మాస్కు, టోపీల వల్ల. తొమ్మిది మందికి తప్పుగా ఆబ్సెంట్ పడింది. ఎనిమిది మందికి జీతం రోజుకు ముందే సరిచేశాం. ఒకరికి ఆలస్యమైంది, ఆ డబ్బు ఈ నెల జీతంలో కలిపి ఇస్తున్నాం. వచ్చే నెల నుంచి ప్యాకింగ్ విభాగానికి కార్డుతో హాజరు వేసే వీలు కూడా ఉంటుంది. ముఖం చూపించడం ఇష్టంలేని ఎవరైనా కార్డు వాడుకోవచ్చు.

మీ ఫొటోలు మా సర్వర్‌లో ఉంటాయి. మీరు పని మానేసిన 30 రోజుల్లో చెరిపేస్తాం. యంత్రం అమ్మిన కంపెనీకి ఫొటోలు వెళ్తాయా అని అడిగాం, రాతపూర్వక జవాబు ఇంకా రాలేదు. వచ్చాక ఇక్కడే అంటిస్తాం.

తప్పు పడిందనిపిస్తే షిఫ్ట్ ఇన్‌చార్జిని కలవండి. పేరు, గది, ఫోన్ నంబర్ కింద ఉన్నాయి. అడిగినందుకు ఎవరినీ ఏమీ అనరు."

"జవాబు ఇంకా రాలేదు" అన్న మాట చూశారా? అది తీసేయాలనిపిస్తుంది. తీయకండి. చదివేవాళ్లు మిగతా పేజీనంతా నమ్మేది ఆ ఒక్క వాక్యం వల్లే.

తరచూ జరిగే పొరపాట్లు

నివేదికను ప్రచార కరపత్రంలా రాయడం. మొదటి పేజీ నిండా యజమాని ఫొటో, "అత్యాధునిక", "విప్లవాత్మక" అనే మాటలు, తప్పుల గురించి ఒక్క ముక్క ఉండదు. ఇలాంటిది రాయడం కంటే రాయకపోవడమే మేలు.

"అది వెండర్ రహస్యం" అని తప్పుకోవడం. వెండర్ కోడ్ మీరు చెప్పక్కర్లేదు, ఎవరూ అడగరు. ఏ వివరాలు తీసుకుంటోంది, ఏ నిర్ణయానికి వాడుతున్నారు, ఎంత తప్పుతోంది అనేవి మీ సంస్థ సంగతులు. తర్వాతిసారి కొనేటప్పుడే ఒప్పందంలో రాయించుకోండి: తప్పుల లెక్క నెలనెలా ఇవ్వాలి, మా మనుషుల ఫొటోలు వేరే పనికి వాడకూడదు, లెక్క బయటపెట్టే హక్కు మాకుండాలి. సంతకానికి ముందు ఏ వెండరైనా ఒప్పుకుంటాడు. సంతకం అయ్యాక అడిగితే బతిమాలుకోవాల్సి వస్తుంది.

ఎక్కువ చెప్పేయడం కూడా పొరపాటే. ఆబ్సెంట్ తప్పుగా పడిన తొమ్మిది మంది పేర్లు గోడ మీద పెట్టకండి. కెమెరాల భద్రతా వివరాలు రాయకండి. అంకెలు, కారణాలు, దిద్దుబాట్లు చాలు.

"చట్టం అడగలేదు కదా?"

మీ లాయరో, మీ భాగస్వామో ఈ మాట తప్పక అంటారు. నిజమే. 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని నాలుగో సెక్షన్ ప్రభుత్వ కార్యాలయాలు తమంతట తామే వివరాలు వెల్లడించాలంటుంది, మీ ప్రైవేటు యూనిట్‌కు అది వర్తించదు. 2025 నవంబరులో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ విడుదల చేసిన ఏఐ పాలన మార్గదర్శకాలు నమ్మకాన్నే మొదటి సూత్రంగా పెట్టుకున్నాయి. ప్రత్యేక చట్టం తెచ్చే బదులు, సంస్థలు స్వచ్ఛందంగా ముందుకు రావాలనీ, పారదర్శకత నివేదికలు ప్రచురించాలనీ, ఫిర్యాదులు వినే ఏర్పాటు ఉండాలనీ సూచించాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) కూడా అధునాతన ఏఐ తయారుచేసే సంస్థల కోసం స్వచ్ఛంద నివేదికల పద్ధతి మొదలెట్టింది. గాలి ఎటు వీస్తోందో కనబడుతూనే ఉంది. రేపు మీ నుంచి మందులో సరుకో కొనే విదేశీ కంపెనీ తన ప్రశ్నావళిలో ఏఐ గురించి నాలుగు ప్రశ్నలు చేర్చితే, అప్పటికే ఆరు నెలల రిజిస్టర్ ఉన్నవాళ్లు జవాబు రాస్తారు. లేనివాళ్లు కన్సల్టెంట్‌ను వెతుక్కుంటారు.

లాయర్ ఇంకో మాట కూడా అంటారు: "తప్పులు మనమే రాసిస్తే కేసు వేస్తారు." ఆయన భయం అర్థంలేనిదేం కాదు, అందుకే అచ్చుకు ముందు ముసాయిదా ఆయనకూ చూపించండి. కానీ ఒక ప్రశ్న అడగండి. తప్పు జరిగిందని తెలిసి, దిద్ది, ఆ సంగతి చెప్పిన సంస్థ మీద కోర్టుకు వెళ్లడం తేలికా, తప్పును దాచిన సంస్థ మీదా? మందుల కంపెనీల వాళ్లకు ఈ జవాబు ఎప్పుడో తెలుసు. వాళ్లకు పెద్ద దెబ్బలు తగిలేది డీవియేషన్ రాసినందుకు కాదు, రికార్డును తారుమారు చేసినందుకు.

మొదటి నివేదిక అంటించాక

తొలివారం ఎవరూ ఏమీ అనకపోవచ్చు. జనం దాన్ని చదివి, నిజంగానే అడగొచ్చా అని చూస్తుంటారు. ఎవరో ఒకరు ధైర్యం చేసి ఇన్‌చార్జి గదికి వస్తారు. "అన్నా, గోడ మీద రాసిన్రు గదా, నాది గూడ జర చూడుండ్రి" అంటారు. ఆ మొదటి మనిషి పని ఎంత త్వరగా అయ్యిందన్న మాట షిఫ్టు మారేలోగా అందరికీ చేరుతుంది. ఆ ఒక్క ఫిర్యాదును మీరు స్వయంగా పట్టించుకోండి.

రెండో నివేదికను వేరేగా మొదలెట్టండి. "పోయినసారి మీరు చెప్పినవాటిలో ఏవి మార్చాం, ఏవి మార్చలేకపోయాం, ఎందుకు" అన్నది మొదటి పేరాలోనే రావాలి. అంకెలు ఆ తర్వాత. నెలనెలా రాయడం కుదరకపోతే మూడు నెలలకోసారి రాయండి, కానీ తేదీ తప్పకండి. ఆ తేదీని జీతాల రోజుకు నాలుగైదు రోజుల ముందు పెట్టుకుంటే మంచిది. కోత పడిందేమోనని అనుమానం ఉన్నవాళ్లు డబ్బు లెక్క తేలకముందే వచ్చి అడగగలుగుతారు, అకౌంట్స్‌వాళ్లకూ అదే నెలలో దిద్దే వీలుంటుంది.